ప్లీడరు బీరువాలో విషాల పుస్తకం: బరంపురం నుంచి జయపురం దాకా పాత ప్రతుల విలువ ఎక్కడుంది?

క్లుప్తంగా: ఫోరెన్సిక్ వైద్యం, అంటే చావు, గాయం, విషం సంగతి కోర్టుకు తేల్చిచెప్పే వైద్యం, దాని తొలినాళ్ల పుస్తకాలు ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు ఇళ్లలో ఉండడానికి మూలం 1936కు ముందు ఆ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండడమే. వీటిలో ఎక్కువ ప్రతులకు అంగట్లో పెద్ద ధర రాదు. పాతదనం ఒక్కటే ధరను నిలబెట్టదు. ఏ ప్రతి ఏ కచేరీలో, ఎవరి చేతిలో నలిగిందో తెలిస్తే మాత్రం దాని చరిత్ర విలువ వేరు. చెద, తుపాను, చట్టం, పాత రంగుల్లోని విషం, ఈ నాలుగింటినీ చూసుకోకుండా సేకరణ సాగదు.

2024 జులై 1 నుంచి దేశంలో మూడు క్రిమినల్ చట్టాలూ మారిపోయాయి. 1860 నాటి శిక్షాస్మృతి, 1872 నాటి సాక్ష్య చట్టం, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి కొత్త సంహితలు వచ్చాయి. పాత కేసులు పాత చట్టం కిందే నడుస్తాయి కనుక వకీళ్ల బీరువాలు ఒక్కరోజులో ఖాళీ కావు. అటకెక్కిన తాతల నాటి పుస్తకాల సంగతి వేరు. వాటిని తూకానికి వేయడానికి ఒక సాకు దొరికింది. విచిత్రం ఏమిటంటే, ఏడేళ్లు, అంతకు మించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లి తీరాలని చెప్పింది కూడా ఆ కొత్త ప్రొసీజర్ చట్టమే. అందుకు సిద్ధం కావడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చింది. ఆ శాస్త్రం పేరు అందరి నోటా నానుతున్న రోజుల్లోనే దాని తొలి పుస్తకాలు పాత పేపర్ల బండి ఎక్కే పరిస్థితి.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురంలలో తాతల తరం ప్లీడర్లు, కోర్టు గుమాస్తాలు, సర్కారు ఆస్పత్రి డాక్టర్లు ఉన్న తెలుగు ఇళ్లు చాలానే ఉన్నాయి. తోలు వీపు ఊడిన 'మెడికల్ జూరిస్‌ప్రుడెన్స్' (ఫోరెన్సిక్ వైద్యానికి ఆనాటి పేరు) పుస్తకం అలాంటి ఇంట్లో బయటపడితే ముందు వచ్చే ప్రశ్న ఒకటే: ఇది లక్షలు పలుకుతుందా? చాలామటుకు పలకదు. అలాగని చిత్తుకాగితమూ కాదు. ఈ రెంటి మధ్యా ఉన్నదే అసలు సంగతి.

పుస్తకం ఏ దారిన వచ్చింది

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక జిల్లా. నేటి కొరాపుట్, రాయగడ ప్రాంతాలు జయపురం సంస్థానం కింద విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. దీని అర్థం చాలా పెద్దది. గుణుపురం దగ్గర ఎవరైనా అనుమానాస్పదంగా చనిపోతే కాగితాలు నడిచే దారి మద్రాసు వైపే, కలకత్తా వైపు కాదు. విషం ఆనవాళ్లు పరీక్షించే సర్కారు రసాయన పరీక్షకుడి శాఖ మద్రాసులో 1849లోనే మొదలైంది. దేశంలో అదే మొదటిది. కలకత్తాలో 1853లో, బొంబాయిలో 1870లో వచ్చాయి.

పుస్తకాలూ ఆ దారినే వచ్చేవి. మద్రాసు మౌంట్‌రోడ్డులోని హిగ్గిన్‌బాథమ్స్ 1844 నుంచి పుస్తకాలమ్ముతోంది. జె.డి.బి. గ్రిబుల్ అనే మద్రాసు సివిల్ సర్వీసు అధికారి భారతీయ కోర్టుల కోసం 1880లలో ఒక చిన్న ఫోరెన్సిక్ గ్రంథం రాశాడు. కడప జిల్లా మాన్యువల్ రాసిన గ్రిబుల్ ఇతనే. ఆ తర్వాత హైదరాబాదు సంస్థానంలో పనిచేసిన వైద్యుడు పాట్రిక్ హెహిర్‌తో కలిసి దాన్ని పెంచాడు. వైద్యుడు కాని అధికారి వైద్య పుస్తకం రాయడం ఇప్పుడు వింతగా తోస్తుంది. అప్పట్లో మేజిస్ట్రేటుకు కావలసింది శరీరశాస్త్రం కాదు. ఎదుట నిలబడిన డాక్టర్ని ఏం అడగాలో తెలియడం.

1936 తర్వాత దిక్కు మారింది. గంజాం, కొరాపుట్ కోర్టులు మద్రాసు హైకోర్టు నుంచి పాట్నా హైకోర్టు కిందికి, 1948 జులై 26 నుంచి కటక్‌లో వెలిసిన ఒరిస్సా హైకోర్టు కిందికి వెళ్లాయి. ఒకే పుస్తకం మీద మద్రాసు అంగడి చీటీ, పాట్నా కాలపు కోర్టు ముద్ర, ఆపైన ఒడియా అక్షరాల స్టాంపు ఉంటే ఆ మూడూ కలిసి జిల్లా చరిత్ర చెబుతాయి. 1951 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జమీందారీ కచేరీలు మూతపడ్డాయి. చిన్నాచితకా దివాణాల పుస్తకాలు చేతులు మారడానికి అదొక పెద్ద సందర్భం.

మహారాష్ట్ర సరిహద్దులోని తెలుగువారి కథ వేరు. ప్రాణహిత ఒడ్డున సిరొంచ బ్రిటిషు మధ్య పరగణాల్లో ఉండేది. దాని చూపు నాగపూరు వైపు. దెగ్లూరు, ధర్మాబాద్ ఉన్న నాందేడ్ జిల్లా 1956 దాకా హైదరాబాదు రాజ్యంలో భాగం. అక్కడి పాత కోర్టు కాగితాలు ఉర్దూలో ఉంటాయి. సరిహద్దు తెలుగువారందరి అటకల మీదా ఒకే పుస్తకాలు ఉంటాయనుకోవడానికి లేదు.

ప్రపంచంలో మొదటివి

కౌటిలీయ అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో 'ఆశుమృతక పరీక్ష' అని ఒక అధ్యాయం ఉంది. హఠాత్తుగా చనిపోయినవాడి దేహానికి నూనె పట్టించి పరీక్షించాలని, తిన్న అన్నం మిగిలితే పక్షులకు పెట్టి చూడాలని, గుండెలోంచి తీసిన ముక్క నిప్పులో వేస్తే చిటచిటమన్నా, ఇంద్రధనుస్సు రంగులు వచ్చినా విషమని తెలుసుకోవాలని చెబుతుంది. ఆ గ్రంథం తాళపత్రాల్లోంచి బయటపడి మైసూరులో ఆర్. శామశాస్త్రి చేతిమీదుగా అచ్చయింది 1909లో. విషయం ఎంత ప్రాచీనమైనా అచ్చు ప్రతి వయసు నూరేళ్ల పైచిలుకే. సేకరించేవారు మొదట పడే తికమక ఇక్కడే: గ్రంథం వయసు వేరు, చేతిలోని ప్రతి వయసు వేరు.

చైనాలో సోంగ్ ట్సీ అనే న్యాయాధికారి 1247లో శవపరీక్ష మీద ఒక గ్రంథం కూర్చాడు. ఊళ్లోవాళ్ల కొడవళ్లన్నీ ఎండలో పెట్టించి, ఈగలు ముసిరిన కొడవలి ఎవరిదో చూసి హంతకుణ్ణి పట్టిన కథ అందులోదే. ఐరోపాలో 1532 నాటి కరోలినా నేరస్మృతి, హత్యల్లోనూ శిశుహత్యల్లోనూ వైద్యుల, మంత్రసానుల అభిప్రాయం తీసుకోమని న్యాయాధికారులకు చెప్పింది. 1602లో ఇటలీ వైద్యుడు ఫెడేలే, 1621 నుంచి రోమ్‌లో వైద్యుడు పావొలో జక్కియా గ్రంథాలు వచ్చాయి. ఇవన్నీ ప్రపంచ వేలంశాలల సరుకు. గంజాం జిల్లాలో వీటికోసం వెతకడం ఇసుకలో నూనె పిండడం లాంటిదే.

ఆ తర్వాతి మెట్టు మనకు దగ్గరిది. 1814లో పారిస్‌లో ఓర్ఫిలా విషాల మీద గ్రంథం మొదలుపెట్టాడు. 1836లో జేమ్స్ మార్ష్ అనే ఇంగ్లీషు రసాయనవేత్త శంఖపాషాణాన్ని (ఆర్సెనిక్) పట్టే పరీక్ష ప్రకటించాడు. అనుమానం ఉన్న పదార్థానికి జింకు, ఆమ్లం కలిపితే పాషాణం వాయువుగా మారి వస్తుంది. దాన్ని వెలిగించి చల్లటి పింగాణీ మీద పట్టిస్తే నల్లగా అద్దంలా అంటుకుంటుంది. రుచీ వాసనా లేని ఈ విషాన్ని అప్పటిదాకా కోర్టులో చూపించడం దాదాపు అసాధ్యం. 1840లో ఫ్రాన్సులో, భర్తకు పాషాణం పెట్టిందన్న లఫార్జ్ కేసులో ఓర్ఫిలా సాక్ష్యంతో ఈ పరీక్షకు లోకమంతా పేరొచ్చింది. ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ స్వేన్ టేలర్ మాన్యువల్ 1844లో వచ్చి ఎన్నో ముద్రణలు చూసింది. బరంపురం, ఛత్రపురం కచేరీల చుట్టుపట్ల విలాయతు పుస్తకం ఏదైనా దొరికితే టేలర్ తర్వాతి ముద్రణల్లో ఒకటయ్యే అవకాశమే ఎక్కువ.

విలాయతు పుస్తకం ఇక్కడ ఎందుకు చాల్లేదు

ఒక చిక్కు వాతావరణం. చలిదేశంలో శవం పాడయ్యే లెక్క పెట్టుకుని చావు ఎప్పుడు జరిగిందో చెబితే, జ్యేష్ఠమాసపు గంజాంలో ఆ లెక్క తిరగబడుతుంది. రెండోది విషాలు. టేలర్ పుస్తకం చదువుకున్న డాక్టరుకు ఉమ్మెత్త, గన్నేరు, నాభి, గురివింద అంతగా తెలియవు. మన పల్లెల్లో వాటిని ఎరగనివాళ్లు లేరు.

ఈ ఖాళీని నింపడానికే నార్మన్ చీవర్స్ 1856లో కలకత్తాలో బెంగాల్, వాయవ్య పరగణాల కోసం మాన్యువల్ అచ్చువేశాడు. 1870 ముద్రణ నాటికి దాని పేరులోకి భారతదేశం మొత్తం వచ్చేసింది. 1880ల చివర్లో బొంబాయి సర్కారు రసాయన పరీక్షకుడు ఐ.బి. లయన్ గ్రంథం వచ్చింది. తర్వాతి కాలంలో దాన్ని సవరించిన ఎల్.ఎ. వాడెల్ టిబెట్ బౌద్ధం మీద రాసిన మనిషి కూడా. 1920లో జైసింగ్ పి. మోదీ గ్రంథంతో ఈ వరసలో భారతీయ పేరు స్థిరపడింది. ఇప్పటికీ అది సవరణలతో అచ్చవుతూనే ఉంది.

ఈ పుస్తకాల్లో చదవదగ్గ పేజీలు విషాలవి. ఉమ్మెత్త గింజకు, మిరప గింజకు తేడా చెప్పడానికి ఈ సంప్రదాయంలో ఎంతో శ్రద్ధ పెట్టారు. బాటసారుల అన్నంలో ఉమ్మెత్త కలిపి, మత్తులో ఉండగా దోచుకునే ముఠాలు ఆనాటి రహదారుల భయం. చనిపోవడం కంటే తెలివి తప్పి, లేచాక ఏం జరిగిందో చెప్పలేకపోవడమే ఎక్కువ. అంటే బాధితుడే ఉండీ లేని సాక్షి. అందుకే కడుపులో మిగిలిన గింజ కోర్టుకు అంత ముఖ్యమైంది.

గురివింద పద్ధతి ఇంకా దారుణం. గింజలు నూరి ముద్దచేసి, సూదుల్లా చేసి ఎండబెట్టి పశువు చర్మంలో గుచ్చేవారు. కొద్ది రోజుల్లో పశువు చచ్చిపోయేది, పాము కరిచిందనుకునేవారు. నల్లజీడి పని మరోరకం. దాని రసం చర్మానికి పూస్తే దెబ్బ తగిలినట్టు కమిలిపోతుంది. ఎదుటివాడి మీద కేసు పెట్టడానికి అలా దొంగ గాయాలు తెచ్చుకునేవారు. గాయం అంచున చిన్న పొక్కులు, దురద, గోకిన చోట్లలో మళ్లీ అవే మచ్చలు ఉంటే అది జీడి పని అని పుస్తకాలు చెప్పేవి. చాకళ్లు బట్టల మీద గుర్తులు పెట్టే ఆ గింజ గురించి లండనులో కూర్చున్నవాడికి తెలిసే దారే లేదు.

మద్రాసు వాటా ఇంతకంటే పాతది కూడా. దేశంలో నమోదైన తొలి చట్టబద్ధ శవకోత 1693 ఆగస్టు 28న మద్రాసు సెయింట్ జార్జి కోటలో జరిగింది. కోట కౌన్సిలు సభ్యుడు జేమ్స్ వీలర్ దేహాన్ని డాక్టరు ఎడ్వర్డ్ బల్క్లీ పరీక్షించాడు. మందు నూరిన కల్వంలో అంతకుముందు పాషాణం నూరారన్నది అప్పటి అనుమానం. కోట కాగితాల అచ్చు సంపుటాలు సేకరించేవారు ఈ సంగతి కోసం వాటిని పట్టించుకోవచ్చు.

గురివింద కింది నలుపు

ఈ గ్రంథాలు పుట్టడానికి మరో కారణం ఉంది. దేశీయుల నోటి సాక్ష్యాన్ని నమ్మలేమన్న అధికారుల అపనమ్మకం. మనిషి అబద్ధం చెప్పినా శవం చెప్పదు అన్న తర్కంతో వైద్యుడి నివేదికకు బరువు పెరిగింది. ఆ తర్కం శాస్త్రాన్ని ముందుకు నెట్టిన మాట నిజం. దాంతోపాటు కులాలకు కులాలనే నేరప్రవృత్తి గలవిగా చూపిన పేజీలూ ఈ పుస్తకాల్లోకి వచ్చిపడ్డాయి.

అదే కాలంలో, 1855లో, మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్రహింసల మీద సర్కారు వేసిన కమిషన్ నివేదిక వచ్చింది. శిస్తు వసూలు కోసం, నేరం ఒప్పించడం కోసం కచేరీల కింది ఉద్యోగులు రైతులను ఎలా హింసించారో, వేళ్లు నొక్కే 'కిట్టి' ఎలా వాడారో అందులో ఉంది. సాక్షి మాట నమ్మలేమన్న సర్కారు, ఆ సాక్షి ఎందుకలా మాట్లాడాడో తన సొంత నివేదికలోనే అచ్చువేసుకుంది. గురివింద గింజ తన నలుపెరగదన్న సామెత సరిగ్గా నప్పే చోటిది. ఫోరెన్సిక్ వైద్యం చరిత్ర సేకరించేవారి అరలో చీవర్స్ పక్కన ఈ నివేదిక లేకపోతే సేకరణ సగమే అవుతుంది.

పాత నలుపు పాత పుస్తకాలతోనే పోలేదు. అత్యాచార బాధితులపై చేసే 'రెండు వేళ్ల పరీక్ష'కు శాస్త్ర ఆధారమే లేదని, ఆ పరీక్ష చేసినవారు దుష్ప్రవర్తనకు పాల్పడినట్టేనని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో చెప్పాల్సి వచ్చింది. వైద్య విద్య పాఠ్యాంశాలనూ సరిచూడమంది. పుస్తకంలోకి ఎక్కిన ఒక అభిప్రాయం ఎన్ని తరాల విద్యార్థుల చేతుల్లోంచి దాటి వస్తుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ధర ఎలా నిలుస్తుంది

పాఠ్యగ్రంథాలకు ఒక శాపం ఉంది. కొత్త ముద్రణ రాగానే పాతదాని గిరాకీ పడిపోతుంది. మోదీ గ్రంథం 1950లు, 60ల నాటి ముద్రణలు లెక్కలేనన్ని ఉన్నాయి కనుక వాటికి సేకరణ ధర రాదు. 1920 నాటి తొలి ముద్రణ అయితే వేరే మాట. మధ్యలో ఉన్నవాటిలో ముఖపత్రం, బొమ్మల పేజీలు, చివరి అనుక్రమణిక ఉన్నాయో లేదో చూడాలి. విషపు మొక్కల బొమ్మల పేజీలు చింపి అమ్ముకోవడం పాత పుస్తకాల వ్యాపారంలో కొత్తేం కాదు.

ఇంకో తికమక, కొత్తగా వచ్చిపడిన నకళ్లు. నెట్‌లో ఉన్న స్కాన్ ప్రతులను అచ్చువేసి, తోలు అట్ట కట్టి, 'అరుదైన గ్రంథం' పేరుతో అమ్ముతున్నారు. కాపీహక్కు తీరిపోయింది కనుక అచ్చువేయడం తప్పు కాదు. రచయిత చనిపోయాక అరవై ఏళ్లకు హక్కు తీరిపోతుంది, చీవర్స్ 1886లోనే పోయాడు. నకలును అసలుగా అమ్మితేనే మోసం. కనిపెట్టడం కష్టం కాదు. పాత అచ్చు అక్షరం కాగితాన్ని నొక్కి ఉంటుంది, పేజీ వెనక వేలు పెడితే తెలుస్తుంది. నకలులో లైబ్రరీ ముద్ర కూడా అక్షరాలతోపాటే బూడిద రంగులో అచ్చై ఉంటుంది. కాగితం మాత్రం నిన్నటి తెలుపు.

కాగితం విషయంలో పాతది పాడైపోతుందన్న నమ్మకం తలకిందులు. గుడ్డపేలికలతో చేసిన 1830ల నాటి కాగితం ఈనాటికీ వంగుతుంది. కలప గుజ్జుతో, పటిక కలిపి చేసిన 1890ల నాటి కాగితం అప్పడంలా విరుగుతుంది. అందుకే తాత పుస్తకం కంటే ముత్తాత పుస్తకం బాగుండడం చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు.

చెద, గాలివాన, ఆకుపచ్చ అట్ట

గంజాం తీరంలో ఉప్పుగాలి, కొరాపుట్ కొండల్లో నెలల తరబడి ముసురు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాయి. ఇలాంటి గాలివానల్లో ముందు పోయేది పెంకుటిళ్ల అటక మీది కాగితమే. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టడం జనం చేసే మొదటి పొరపాటు. నీడలో, గాలి తగిలేలా, పేజీల మధ్య పీల్చే కాగితాలు పెట్టి ఆరబెట్టాలి. చిరిగిన చోట సెల్లో టేపు అంటిస్తే పదేళ్లకు పసుపు జిగురు మిగులుతుంది. కలరా ఉండలు పురుగును కొంత ఆపుతాయి కానీ చెదను ఆపవు. బీరువాను గోడకు ఆనించకుండా జరిపి పెట్టడం అంతకంటే మేలు.

ఇక విషాల పుస్తకంలోనే విషం ఉండే వీలుంది. విక్టోరియా కాలంలో కొన్ని ఆకుపచ్చ గుడ్డ అట్టలకు రాగి, పాషాణం కలిసిన రంగు వాడారు. అమెరికాలో వింటర్‌థుర్ మ్యూజియం 2019 నుంచి ఇలాంటి అట్టలను పరీక్షించి జాబితా చేస్తోంది. పురుగు పట్టకుండా రసకర్పూరం లాంటి పాదరస లవణాలు కలిపి పూసే అలవాటూ ఆ రోజుల్లో ఉండేది. మెరిసే ఆకుపచ్చ అట్ట ఉన్న 19వ శతాబ్దపు పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో విడిగా పెట్టి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. నాలుకతో వేలు తడిపి పేజీ తిప్పే మన పాత అలవాటు ఇక్కడ పనికిరాదు.

చట్టం ఎక్కడ అడ్డుపడుతుంది

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువు, శాస్త్ర చరిత్ర సాహిత్య విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతి లేదా దస్తావేజు పురావస్తువు కాగలదు. పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న బంధువుకు పోస్టులో పంపేముందు ఈ మాట గుర్తుండాలి. ఇంట్లో ఉంచుకోవడానికి సామాన్యంగా ఇబ్బంది రాదు.

చిక్కంతా సర్కారు ముద్ర ఉన్నవాటితో. కోర్టు లైబ్రరీ స్టాంపు ఉండి, 'రద్దు' గుర్తు లేకపోతే ఆ పుస్తకం బయటికి ఎలా వచ్చిందన్న ప్రశ్న మిగులుతుంది. పుస్తకం మధ్యలో మడతపెట్టిన అసలు శవపంచనామా, శవకోత నివేదిక దొరికితే అది సేకరణ వస్తువే కాదు. అందులో పేరున్న మనిషి మనవలు అదే ఊళ్లో ఉండవచ్చు.

అంచు రాతలు

నెట్‌లో దొరికే స్కాన్లు ఎక్కువగా లండను, కలకత్తా లాంటి పెద్ద లైబ్రరీల ప్రతులవి. వాటి అంచులు శుభ్రంగా ఉంటాయి. చీవర్స్ రాసింది చదవడానికి అవి చాలు. పర్లాకిమిడి ప్లీడరు ఆ పేజీ పక్కన పెన్సిలుతో ఏం రాసుకున్నాడో అవి చెప్పవు. ఇంగ్లీషు మొక్క పేరు పక్కన తెలుగు పేరు, దాని కింద అక్కడి గిరిజనుల సవర మాట, క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగాల్సిన ప్రశ్న, కేసు నంబరు, ఇలాంటివి ఒక్క ప్రతిలోనే ఉంటాయి. గిడుగు రామమూర్తి సవర భాష మీద పనిచేసిన ఊరిలో అలాంటి అంచు రాత ఉండడం అసాధ్యం కాదు. ఉన్నదో లేదో పేజీ పేజీ తిప్పితేనే తెలుస్తుంది.

ఆ అంచు రాతలకు చదువరుల కరువు మొదలైంది. సరిహద్దు జిల్లాల తెలుగు ఇళ్లలో ఈ తరం పిల్లల బడి ఒడియాలోనో ఇంగ్లీషులోనో సాగుతోంది. తాత చేతిరాత గొలుసుకట్టు తెలుగైతే తెలుగు చదవగలిగినవారికే కష్టం. పుస్తకాన్ని లోపలి ఇంగ్లీషు కోసం కొనే భువనేశ్వరం వ్యాపారికి ఆ రాతలు మరకలు. ధర తగ్గించడానికి ఒక కారణం. అమ్మాలనుకున్నా, కాలేజీ లైబ్రరీకి ఇవ్వాలనుకున్నా ముందు చేయదగిన పని ఒకటుంది. పగటి వెలుతురులో ముఖపత్రం, స్టాంపులు, అంగడి చీటీ, రాతలున్న ప్రతి పేజీ ఫోనుతో ఫోటో తీయాలి. రాత చదవగల పెద్దవాళ్లెవరైనా ఇంట్లో ఉంటే వారి పక్కన కూర్చుని ఆ మాటలు ఎత్తిరాసుకోవాలి.